‘ట్రై చేస్తా’నన్నవానికి ఎంత బియ్యము పోయవలెను?

చార్మినారునకు పడమటి వైపున లాడ్ బజారులోని యొక గాజుల దుకాణములో, నిరుడు మార్గశిరమున, మా మేనకోడలి పెండ్లికై లక్కగాజులు ఎంచుచు నేను కూర్చుండియుండగా, ప్రక్కనున్న యొక యువతి, ముంజేతికి సగము దూరిన గాజును అట్లే నిలిపి, రెండవ చేత ఫోను చెవికి ఆనించుకొని, ఊరనున్న తన అత్తగారితో ఇట్లు పలుకుచుండెను: “అత్తమ్మా, సంక్రాంతికి రావాలనే ప్లాన్ చేస్తున్నం. ఆయన లీవ్ ఇంకా కన్ఫర్మ్ కాలే. మోస్ట్‌లీ భోగికే స్టార్ట్ అయితం, మేబీ పండుగ నాడు. లెట్స్ సీ అత్తమ్మా, అప్‌డేట్ ఇస్తం.” ఆవలి పెద్దావిడ ఏమనెనో నాకు వినబడలేదు. ఈమె ఫోను సంచిలో వేసికొని, గాజును పైకి త్రోసికొని, వెలుతురునకు చేయి త్రిప్పి చూచుకొనెను.

అదే సమయమున దుకాణదారు నన్ను “రెండు ఆరా సార్, రెండు ఎనిమిదా?” అని అడుగుచుండెను. రెండంగుళముల మీద పదునారింట ఆరు పాళ్లు వ్యాసము గలది ‘రెండు ఆరు’, ఎనిమిది పాళ్లు గలది ‘రెండు ఎనిమిది’. పెండ్లికూతురి చేతి కొలత నాకు సరిగా తెలియదు గావున “రెండు ఆరేమో” అంటిని. ఆయన నవ్వి, “ఏమో అంటే ఎట్ల సార్, గాజు చేతికి పట్టాలె గద. ఆమెది పాత గాజొకటి పట్కరండి” అని, రాళ్లు పొదిగిన జతలు మాత్రము “బుధవారం తయారుంటయి, ఇన్షా అల్లా” అనెను. ఒక్క దుకాణములో, పట్టుమని పది నిమిషములలో, జరుగునో జరుగదో తెలియని సంగతిని చెప్పుటకు మూడు భాషలు నా చెవిని బడినవి.

ఇంటికి పోవు దారిలో ఆ యువతి మాటలనే నెమరు వేసికొంటిని. ‘అత్తమ్మ’, ‘సంక్రాంతి’, ‘భోగి’, ‘పండుగ’, ‘రావాలె’: అనుబంధమును పర్వమును కోరికయు తెలుగులో నున్నవి. ప్లాన్, కన్ఫర్మ్, మోస్ట్‌లీ, మేబీ, లెట్స్ సీ: అనిశ్చయమంతయు ఆంగ్లములో నున్నది. రావలెనను కోరిక ఆమెది, రాకపోవుటకు గల అవకాశము మాత్రము పరభాషది అన్నట్లుగా, ఎవరో గీత గీచి పంచిపెట్టినట్లుగా తోచినది. నాటినుండి ఇతరుల మాటలను వింటిని, నా మాటలను గూడ వింటిని. బస్సు, రైలు, ఫోను మొదలగునవి వస్తువులతో పాటు వచ్చిన పేర్లు. వానిని గూర్చి వగచుట వ్యర్థము, వగచువారితో నాకు పేచీయు లేదు. కాని సందేహము వస్తువు కాదు, అది ఓడ దిగి రాలేదు. మనకు అనాదిగా ఉన్నదే. దానిని చెప్పుకొనుటకు అరువు మాట ఏల వలసివచ్చినది?

భాషలో లేక కాదు. ఒక్క ‘వచ్చు’ ధాతువును చేత బట్టుకొని చూడుడు. ‘వస్తాను’ అనునది నిశ్చయము. ‘వస్తానులే’ అన్నచో ఎదుటివాని ఆందోళనను తీర్చుట. ఆ ‘లే’ భుజము తట్టుట వంటిది. ‘వద్దామనుకుంటున్నాను’ అన్నచో సంకల్పము కలదు, ప్రయాణపు మూట ఇంకను కట్టలేదు. ‘వద్దామని ఉంది’ అన్నచో మనసు బయలుదేరినది, కాళ్ల సంగతి తెలియదు. ‘వస్తే వస్తా’ అనువానిని నమ్మి ఆకు వేయరాదు; ‘వచ్చినా వస్తా’ అనువానికై ఒక ఆకు ప్రక్కన ఉంచవలెను. ఈ రెంటికి నడుమ గల అంతరము ఒక్క ‘ఏ’కు ఒక్క ‘నా’కు గల అంతరమే, మన వ్యాకర్తలు మొదటి దానిని చేదర్థకమనియు, రెండవ దానిని అప్యర్థకమనియు పేర్లు పెట్టి వేరుపరచిరి. ‘వస్తానేమో’ అనునది మరియు చిత్రమైనది: తన రాకను గూర్చి తానే సందేహించుట. ‘వస్తాడు కాబోలు’ అన్నచో ఆనవాలును బట్టి ఊహించుట. ఇదియే తెలంగాణమున ‘వస్తడు గావచ్చు’ అగుచున్నది. ఇన్ని మెట్లుండగా మెట్లన్నియు విడిచి ‘మేబీ’ అను ఒక్క చదునైన బండపై నిలుచుండుట నాకు నచ్చదు. ఆ బండ మీద నిలిచినవాడు ఎంత ఎత్తున నున్నాడో క్రిందివారికి తెలియదు.

ఇంకొక సంగతి. ‘వస్తానేమో’ అనునప్పుడు ఆ ‘ఏమో’కు ముందర ‘ను’ కారము నిలిచియే యున్నది. సందేహించినను సందేహించువాడు వాక్యములో కనబడుచున్నాడు. ‘వచ్చే ఛాన్స్ ఉంది’, ‘ప్లాన్ ఉంది’, ‘లీవ్ మీద డిపెండ్ ఉంది’ అను వాక్యములలో కర్త ఎవడు? ఛాన్సు కర్త, ప్లాను కర్త. మాటలాడినవాడు వాక్యమునుండి మెల్లగా జారుకొనినాడు. రేపు రానిచో తప్పు ఎవరిది? ఛాన్సుది. ఆంగ్లపదము మన నోట ఇంత తియ్యగా నుండుటకు కారణము ఈ జారుపాటే యని నా అభిప్రాయము. ఆంగ్లేయుడు తన భాషలో ఈ మాటలనే అన్నప్పుడు ‘నేను’ అనునది వాక్యము తలుపు కడనే నిలిచియుండును. ఆ ‘నేను’ను అక్కడనే వదలి, తోకను మాత్రము మనము తెచ్చుకొంటిమి.

ఇతరులను నిందించుట సులభము గావున నా కథ ఒకటి చెప్పెదను. నిరుటి ఆషాఢమున, లాల్ దర్వాజాలో నివసించు నా చిన్ననాటి మిత్రుడు, సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలకు రమ్మని పిలిచెను. ఆదివారము జనసమ్మర్దమును తలచి నేను “ట్రై చేస్తా” అంటిని. పోలేదు. పోలేనని చెప్పనుగూడ లేదు. ‘ట్రై’ అనుటతోనే చెప్పినట్లయినదని నాలో నేను సమాధానపడితిని. పది దినముల తరువాత ఏదో పనిమీద వారింటికి పోగా, ఎనుబది దాటిన వాని తల్లి, గడప దగ్గర కూర్చుండి చింతపండు గింజలు తీయుచు, తల ఎత్తకయే నన్ను అడిగెను: “బిడ్డా, ట్రై అన్నవట. అంటే వస్తనన్నట్టా, రానన్నట్టా? మావోణ్ణి అడిగితే వానికీ తెల్వదనె. వస్తనంటే సోలెడు పోస్త. వస్తనేమో అంటే గిద్దెడు పోస్త. ట్రైకి ఎంత పొయ్యాలె?”

నేను నవ్వితిని, ఆమె నవ్వలేదు. ఎసరు ముందు నిలిచి, చేతిలో సోల పట్టుకొని, ఒక మాటకు ఎంత బియ్యమో తేల్చుకొనవలసిన స్త్రీకి అది పరిహాసము కాదు. చివరకు సోలెడే పోసినదట. “ఎందుకైనా మంచిదని పోస్తి. తెల్లారి అందరం సద్దన్నం తిన్నం” అనెను. కొలత తెలిసిన మాటకు ఆమె కడ కొలపాత్ర కలదు, నేనన్న మాటకు లేదు. వ్యాకరణ గ్రంథములు పలుమారులు తిరుగవేసిన నాకు, ‘ఏమో’ అనునది సోలలో నాలుగవ పాలు అను సూత్రము ఆ దినము వరకు తెలియదు.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున భవిష్యత్తునకు ఒక రూపము, తద్ధర్మమునకు ఒక రూపము వేరువేరుగా చెప్పబడినవి: ‘వచ్చెదను’ అన్నచో రాబోవు రాక, ‘వత్తును’ అన్నచో స్వభావసిద్ధమైన రాక. నేటి వాడుకలో ఈ రెండును కలసి ‘వస్తాను’ అను ఒక్క రూపమున ఒదిగినవి. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’: అలవాటునకు వాగ్దానమునకు ఒకే క్రియ. అందుచేత ‘రేపు వస్తాను’ అనినవాని మాటలో, ప్రతి దినము సూర్యుడు వచ్చునన్నంత బరువు తెలియకుండగనే చేరుచున్నదని నాకు తోచును. అంత బరువు మోయలేనివాడు తేలిక మాట వెదకుకొనుట సహజము. ఆంగ్లమున భవిష్యత్తును సూచించు ‘విల్’ అను పదము మొదట కోరికను తెలుపు క్రియయే; వారి రేపటి దినమంతయు ఒకప్పటి కోరిక మీద కట్టబడినది. వద్దామని ఉన్నది అని మనము విడదీసి చెప్పు దానిని వారు కాలక్రమమున సహాయక క్రియగా అరగదీసిరి. ఎవరి ఇల్లు వారు కట్టుకొనిన తీరు వేరు; ఒకరి దూలము మరియొకరి గోడపై సరిగా కూర్చుండదు.

పాతబస్తీ వాసులకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. అరువు మాటలతో, రెండు మూడు భాషల నడుమ జీవించుట వారికి క్రొత్త కాదు. ఉర్దూలో ‘కల్’ అన్నచో నిన్నయు రేపును. ‘పరసోం’ అన్నచో మొన్నయు ఎల్లుండియు. హైదరాబాదు దక్కనీలో ఈ ‘పరసోం’ ఇంకను సాగి, నాలుగు దినముల క్రిందటిదైనను నాలుగేండ్ల క్రిందటిదైనను తన పొట్టలో ఇముడ్చుకొనినది. ‘పరసోం మిలేథే’ అనినవానితో మీరు పదేండ్ల క్రిందట కలిసియుండవచ్చును. బయటివారు దీనిని పరిహసింతురు, నేను పరిహసింపను. ఏలయన మన ‘మొన్న’ గూడ అట్టిదే. ‘మొన్ననే గద పెండ్లయింది’ అనునప్పుడు పిల్లవాడు బడికి పోవుచునేయుండును. 1889లో చార్మినారు నాలుగు ముఖములకు నాలుగు గడియారములు అమర్చిరి. వాని క్రిందనే ‘పరసోం’ కూడ నిశ్చింతగా బ్రతికినది. ‘పరసోం’ అనుటలో మోసము లేదు: వినువానికి దాని సాగుడు ఎంతయో తెలియును.

‘ఇన్షా అల్లా’ను గూర్చియు ఇట్లే చెప్పవలెను. దానిని తప్పించుకొను మాటగా వాడువారు లేకపోలేదు. కాని ఆ గాజుల దుకాణదారు అనినప్పుడు, బుధవారమను దినము తన పూచీ, ఆ దినము వరకు బ్రతికియుండుట మాత్రము తన చేతిలో లేదు అని రెండు సంగతులను వేరు చేసి చెప్పినట్లే నాకు వినబడినది. మన పెద్దలు ‘దేవుని దయ ఉంటే’ అనియు, ‘ఈశ్వరేచ్ఛ’ అనియు, ‘బ్రతికి బాగుంటే’ అనియు అనుట ఇందుకే. దైవముపై వేసినది దైవము పాలు. తన పాలు తనయొద్దనే యుండును. ‘డిపెండ్ ఉంది’ అనువాడు దైవముపై వేయడు, తనపై వేసికొనడు. నడుమ గాలిలో వదలును.

వాయిదా వేయుట మనవారికి చేతకాని విద్యయు కాదు. ఒకప్పుడు తెలుగు పల్లెలలో ఇంటింటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సున్నముతోనో బొగ్గుతోనో వ్రాసియుండుట నా యీడువారు ఎరుగుదురు. రాత్రివేళ తలుపు తట్టు దయ్యము ఆ అక్షరములు చదువుకొని మరలిపోవుననియు, మరునాడు వచ్చి మరల అదే చదువుకొనుననియు నమ్మకము. దయ్యమును సైతము అచ్చ తెలుగున వాయిదా వేయగలిగిన జాతి, అత్తగారిని వాయిదా వేయుటకు ఆంగ్లమును ఆశ్రయించుట వింత గదా! ‘చూద్దాం’ అను మన మాట కూడ సాధువు కాదని ఒప్పుకొందును. పెద్దింటి యజమాని ‘చూద్దాంలే’ అన్నచో కాదనియే అర్థమని అడుగవచ్చిన పేదవాడు గడప దాటకమునుపే గ్రహించును. ఐనను ఆతడు గ్రహించును. నేను చెప్పునది అంతమాత్రమే.

ఈ అనిశ్చయపు పొగమంచు వ్యక్తుల మాటలలో మాత్రమే కాదు, కచేరీలలో ఇంకను దట్టము. నిజాము ప్రభుత్వమున పారసీకము పోయి ఉర్దూ రాజభాష యైనది. నిర్ణయము కాని కాగితమును ఉర్దూలో ‘జేరే గౌర్’ అందురు, అనగా ఆలోచనకు ‘క్రింద’ ఉన్నదని. ఆంగ్లమున వ్రాయువారును ‘అండర్ కన్సిడరేషన్’ అని క్రిందనే ఉంచిరి. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చి, తెలుగులో ‘పరిశీలనలో ఉన్నది’ అని వ్రాయ నేర్చితిమి. క్రిందనున్న కాగితము లోపలికి పోయినది. బయటికి వచ్చు దారి మాత్రము పూర్వమంతయే. ‘సూత్రప్రాయముగా అంగీకారము’ అనునది ఇట్టిదే మరియొక అనువాద సంతానము. కావున మాట తెలుగైనంత మాత్రమున పని జరుగునని నేను వాదింపను. ఎవరు, ఎప్పుడు అను రెండు ప్రశ్నలను తప్పించు వాక్యము ఏ లిపిలో వ్రాసినను ఒక్కటే.

పాతబస్తీ మెట్రో రైలును చూడుడు. 2017 నవంబరు 28న నగరమున తొలి మెట్రో కదలెను. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు దారి తెరచిరి. ఆ దారియే ముందునకు సాగి ఫలక్‌నుమా చేరవలసి యున్నది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు మూసీ దాటలేదు. నగరము తక్కిన దిక్కులలో అరువది తొమ్మిది కిలోమీటర్లు రైలెక్కి తిరుగుచుండగా, ఇచటివారు ‘టెంటేటివ్ అలైన్‌మెంట్’, ‘ప్రపోజ్డ్ స్టేషన్’, ‘డీపీఆర్’ అను పదములను రైలు కంటె ముందు నేర్చుకొనిరి. 2024 మార్చి 8న ఫలక్‌నుమా కడ శంకుస్థాపన జరిగినది. షాలిబండలో చాయ్ త్రాగుచు ఒక ఆటో నడుపు పెద్దాయన “మెట్రో ఎప్పుడొస్తది సార్?” అని నన్ను అడిగి, నేను నోరు తెరువకమునుపే “పరసోం” అని తానే జవాబు చెప్పుకొనెను. టెంటేటివ్ అను పదమునకు ఇంతకన్న సరియైన అనువాదము నేను చేయలేను.

ఇచట ఒక పాత సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1921 నవంబరులో, మూసీకి ఆవలి యొడ్డున వివేకవర్ధిని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కరణ సభలో, ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాటలాడ బూనగా సభికులు గోల చేసి అడ్డుపడిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది, దానినుండి ఎంత చరిత్ర నడచినదో తెలంగాణమువారికి చెప్పనక్కరలేదు. నాడు నిండుసభలో ఒక తీర్మానమును తెలుగున ఖండితముగా పలుకుటకు హక్కు లేకపోయెను. దానికై పెద్దలు పోరాడిరి. నేడు ఎవరును గోల చేయుటలేదు, చప్పట్లు చరచి కూర్చుండబెట్టుటలేదు. ఇంటిలో, తల్లితో, మెల్లగా, ‘ఏమో’ అని అనుటకు మనకే నోరు రాకున్నది.

ఐనను అన్ని ఆంగ్లపదములను ఒక్క గాట కట్టరాదు. రైలు టిక్కెట్టు వెయిటింగ్ లిస్టులో నున్నదా, ఆర్ఏసీలో నున్నదా, కన్ఫర్మ్ ఐనదా అనుటలో అనిశ్చయమునకు అంకె కలదు. పన్నెండవ వెయిటింగ్ అనువాడు తాను ఎచట నిలిచెనో చెప్పుచున్నాడు. పెండ్లివారు ఫంక్షన్ హాలును గూర్చి ‘డేట్ బ్లాక్ చేసినం, బుక్ కాలే’ అన్నచో, కొంత రొక్కము ముట్టినది, మిగిలినది ముట్టలేదు అని స్పష్టముగా తెలియును. ఈ పదములు కొలత గలవి. ఇవి రావలసినవే, వచ్చినవి, ఉండనిండు. నా కలహము కొలత లేని వానితోనే.

మర్యాద యను వాదమొకటి కలదు, అది బలమైనది. మా యింటి ఆడపిల్ల యొకతె నాతో అనినది: “బాబాయ్, ‘రాను’ అని తెలుగులో అంటే గొడవ. ‘డిఫికల్ట్ అయితదేమో’ అంటే అత్తమ్మ ఏమనదు.” నిజము. కోడలికి, క్రొత్తగా కొలువులో చేరినవానికి, అప్పు అడుగవచ్చినవాని ఎదుట లేదనలేనివానికి, ఆంగ్లపదము అడ్డుతెర వంటిది. తెలుగున ‘రాను’ అనుట ముఖముపై తలుపు వేసినట్లుండును. ఈ తెరను లాగివేయుమనుటకు నాకు నోరాడదు. డల్లాసులో నుండు కుమారుడు ‘డిసెంబర్‌కి ప్లాన్ చేస్తున్నాం అమ్మా’ అనుటలోను క్రూరత్వము లేదు, సెలవు దొరకునో దొరకదో వానికి నిజముగా తెలియదు. కాని ఆ పిల్ల మాటలోనే చూడుడు: ‘డిఫికల్ట్ అయితదేమో’ అనినది. చివరకు ఆ మాటను మెత్తబరచినది ఆంగ్లము కాదు, తోకన అతుకుకొనిన ‘ఏమో’. తెలుగున ‘రాను’ అనుటకు ‘డిఫికల్ట్’ అనుటకు నడుమ ‘వీలుపడదేమో’, ‘కుదిరేటట్టు లేదు’, ‘ఈసారికి వదిలెయ్యండత్తమ్మా’ అను మాటలు ఖాళీగా పడియున్నవి. వానికి అద్దె అడుగువారు లేరు.

బుధవారము సాయంకాలము నేను పాత గాజొకటి తీసికొని లాడ్ బజారు పోతిని. కొలత రెండు ఎనిమిది. రాళ్ల గాజులు మాత్రము, ఆయన చెప్పినట్లే, డబ్బాలో సిద్ధముగా నుండెను. నేనన్న ‘ఏమో’ను నమ్మక, ఏ చేతికైనను సరిపోవునట్లు తెరచి మూయు కడియము రీతిగా చేయించియుంచెను.

ఈ యేటి ఆషాఢమున లాల్ దర్వాజా మిత్రుడు మరల పిలిచినప్పుడు, ఫోను వాని తల్లికి ఇమ్మంటిని. “పెద్దమ్మా, వచ్చినా వస్త. శనివారం రాత్రికల్ల చెప్త” అంటిని. “సరే బిడ్డా, గిద్దెడు పోస్త” అనెను. శనివారము రాత్రి ఎనిమిది గంటలకు ఫోను చేసి, వస్తున్నానని చెప్పితిని. ఆదివారము ఆమె సోలెడు పోసినది.